కమ్యూనిటీ కాలేజీలో చేరి యూనివర్సిటీకి మారడం: కాలిఫోర్నియా పద్ధతి

పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో చేరతామంటే మన ఇళ్లలో మొదట వినిపించే మాట "ఏం, యూనివర్సిటీలో సీటు రాలేదా?" అని. వీటి పాత పేరు జూనియర్ కాలేజీ కావడం ఇంకో చిక్కు. ఆ మాట వినగానే మనకు ఇంటర్ గుర్తొస్తుంది. అమెరికాలో దాని అర్థం వేరు, అది డిగ్రీలో మొదటి రెండేళ్లు. ఆ రెండేళ్లు ఇక్కడ చదివి, మిగతా రెండేళ్లు యూనివర్సిటీలో పూర్తిచేస్తే చేతికొచ్చే పట్టా మీద ఆ యూనివర్సిటీ పేరే ఉంటుంది.

ఈ కాలేజీల్లో చేరడం చాలా తేలిక. అనుకున్న కోర్సుతో, అనుకున్న ఏడాదికి బయటపడటం మాత్రం అంత తేలిక కాదు. రెండింటికీ కారణం ఒకటే, ఇవి ఎవరినీ కాదనకూడదని పెట్టిన కాలేజీలు. కాదనేవాళ్లు లేనిచోట "ఈ క్లాసు నీకు పనికిరాదు" అని ఆపేవాళ్లూ ఉండరు. అందుకే ముందు వీటిని ఎందుకు పెట్టారో తెలుసుకుందాం. తర్వాత వచ్చే రూల్స్ చాలావరకు అక్కడినుంచే పుట్టాయి.

ఎందుకు పెట్టారు

ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అన్నిటికన్నా పాతది ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ జూనియర్ కాలేజీ. 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్, జోలియెట్ హైస్కూల్ ప్రిన్సిపాల్ జె. స్టాన్లీ బ్రౌన్ కలిసి చేసిన ఆలోచన అది. ఊరు వదలకుండా, హైస్కూలు ఆవరణలోనే డిగ్రీ మొదటి రెండేళ్ల పాఠాలు చెప్పించారు. అంటే యూనివర్సిటీకి మారడం అనేది తర్వాత తగిలించిన సౌకర్యం కాదు, మొదటిరోజు నుంచీ ఉన్న ఉద్దేశమే.

కాలిఫోర్నియాలో 1907 నాటి చట్టం హైస్కూళ్లకు ఇలాంటి పైచదువు చెప్పే వీలిచ్చింది. 1910లో ఫ్రెస్నో ఊరు ఆ పని మొదలుపెట్టింది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువుకు 1944 నాటి జీఐ బిల్లు డబ్బు కట్టడంతో కాలేజీలు నిండిపోయాయి. అధ్యక్షుడు ట్రూమన్ వేసిన సంఘం 1947లో నివేదిక ఇచ్చి, ఇంటికి దగ్గరలో అందరికీ అందే కాలేజీలు కావాలంది. "కమ్యూనిటీ కాలేజీ" అన్న పేరు జనంలోకి వచ్చింది అప్పుడే.

మనకు అన్నిటికన్నా ముఖ్యమైన ఏడాది 1960. ఆ ఏడు వచ్చిన మాస్టర్ ప్లాన్ రాష్ట్రంలోని ఉన్నతవిద్యను మూడు అంతస్తులుగా విడదీసింది. హైస్కూలు పూర్తిచేసినవాళ్లలో పై ఎనిమిదో వంతు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి, అంటే యూసీకి. పై మూడో వంతు స్టేట్ యూనివర్సిటీకి, అంటే సీఎస్‌యూకి. చదువుకోగలిగిన తక్కిన అందరికీ కమ్యూనిటీ కాలేజీ. దాంతోపాటు ఇంకో మాట కూడా రాసింది. యూనివర్సిటీల్లో మూడు, నాలుగు సంవత్సరాల విద్యార్థులు 60 శాతం, మొదటి రెండేళ్లవాళ్లు 40 శాతం ఉండాలని. మూడో ఏట చేరేవాళ్లకి చోటు ఉండాలనే ఆ లెక్క. ఇప్పటికీ యూసీ ప్రతి ఇద్దరు ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాదిలో చేరే) విద్యార్థులకు ఒక ట్రాన్స్‌ఫర్ (వేరే కాలేజీ నుంచి మారే) విద్యార్థిని చేర్చుకోవాలని లక్ష్యంగా పెట్టుకుంటుంది. కాబట్టి కమ్యూనిటీ కాలేజీ నుంచి వెళ్లేవాళ్లు దొడ్డిదారిన దూరుతున్నట్టు కాదు. వాళ్లకోసం కుర్చీలు వేసి ఉంచారు.

1984 వరకూ ఈ కాలేజీల్లో యూనిట్ల మీద, అంటే క్లాసుల బరువును కొలిచే పాయింట్ల మీద, ఫీజే లేదు. 1978లో ఆస్తిపన్నుకు పరిమితి పెట్టిన ప్రొపొజిషన్ 13 వల్ల స్థానిక ఆదాయం తగ్గాక, యూనిట్‌కి 5 డాలర్లతో ఫీజు మొదలైంది. 2012 వేసవి నుంచి అది 46 డాలర్లు. 1988లో ఏబీ 1725 అనే చట్టం ఈ కాలేజీల పనిని కొత్తగా నిర్వచించింది: డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు, వృత్తివిద్య, వెనకబడినవాళ్లకు ఆసరాగా ప్రాథమిక తరగతులు, ఇంగ్లిష్ రానివాళ్లకు ఇంగ్లిష్. ఇన్ని పనులు ఒకే కప్పు కింద ఉండటంవల్లే క్లాసుల జాబితా వందల్లో కనిపిస్తుంది, అందులో యూనివర్సిటీకి లెక్కకొచ్చేవీ రానివీ కలిసిపోయి ఉంటాయి. ఇప్పుడు రాష్ట్రంలో ఇలాంటి కాలేజీలు 116.

ముందు వెళ్లే చోటు, తర్వాత కాలేజీ

చాలామంది కాలేజీలో చేరి, దొరికిన క్లాసులు తీసుకుని, రెండో ఏట "ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి?" అని ఆలోచిస్తారు. దీన్ని తిరగేయాలి. మొదటి సెమిస్టర్ క్లాసులు ఎంచుకోకముందే, ఏ మేజర్‌కి (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకి), ఏ మూడు నాలుగు క్యాంపస్‌లకి వెళ్లాలో కాగితం మీద పెట్టండి. తర్వాత మారినా ఫరవాలేదు, ఆ కాగితం లేకుండా మాత్రం క్లాసులు ఎంచుకోవద్దు.

ఆ కాగితం పట్టుకుని అసిస్ట్ అనే రాష్ట్ర అధికారిక వెబ్‌సైట్ తెరవండి. ఏ కమ్యూనిటీ కాలేజీ క్లాసు ఏ యూనివర్సిటీ క్లాసుకు సమానమో అందులో ఉంటుంది. మీ కాలేజీ, వెళ్లాల్సిన యూనివర్సిటీ, మేజర్ ఎంచుకుంటే పేజీ ఎడమవైపు యూనివర్సిటీ అడిగే క్లాసు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ క్లాసు కనిపిస్తాయి. ఇక్కడ నాలుగు విషయాలు కళ్లు పెట్టి చూడాలి.

మొదటిది, రెండు క్లాసుల మధ్య "అండ్" ఉందా "ఆర్" ఉందా. "అండ్" ఉంటే రెండూ పూర్తిచేస్తేనే యూనివర్సిటీలో ఒక్క క్లాసుకు సమానం. ఒకటి చేసి ఆగితే ఆ మేజర్ లెక్కలో చేతికొచ్చేది సున్నా.

రెండోది, కుడివైపు సమాన క్లాసు లేదని రాసి ఉండటం. మీ కాలేజీలో ఆ పాఠమే లేదన్నమాట. పక్క కాలేజీలో ఉందేమో అదే సైట్‌లో వెతకండి. ఒకేసారి రెండు కాలేజీల్లో చదవడం ఇక్కడ మామూలు విషయం. కాకపోతే దరఖాస్తులో చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయాలి, అడిగినప్పుడు ప్రతిచోట నుంచీ అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) పంపించాలి. మార్కులు బాగా రాలేదని ఒక కాలేజీని దాచిపెడితే, వచ్చిన అడ్మిషన్ కూడా రద్దుకావచ్చు.

మూడోది, ఫిజిక్స్, కెమిస్ట్రీ లాంటి వరస క్లాసులు. రెండు మూడు సెమిస్టర్ల వరసని ఒకే కాలేజీలో పూర్తిచేయడమే క్షేమం. పాఠాల క్రమం కాలేజీ కాలేజీకీ మారుతుంది. మధ్యలో మారితే ఒక అధ్యాయం రెండుసార్లు వచ్చి, ఇంకోటి అసలు రాకుండా పోతుంది. అప్పుడు యూనివర్సిటీ ఆ వరసను ఒప్పుకోకపోవచ్చు.

నాలుగోది, పేజీ మీద ఉన్న విద్యాసంవత్సరం. మీరు క్లాసు తీసుకున్న ఏడాది మీ కాలేజీకీ యూనివర్సిటీకీ మధ్య ఉన్న ఒప్పందం ముఖ్యం. ఆ పేజీని అప్పుడే పీడీఎఫ్‌గా దాచుకోండి.

ఇదే సమయంలో క్లాసుల నంబర్లు కూడా మారుతున్నాయి. ఇదివరకు ఒకే ఇంగ్లిష్ వ్యాసరచన క్లాసుకి ఒక్కో కాలేజీలో ఒక్కో నంబరు ఉండేది. 2021లో వచ్చిన ఏబీ 1111 చట్టం ప్రకారం 2025 ఫాల్ (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్) నుంచి ఉమ్మడి నంబర్లు అమల్లోకి వస్తున్నాయి. ఆ ఇంగ్లిష్ క్లాసు ఇప్పుడు సి1000. అన్ని క్లాసులకూ ఇంకా రాలేదు కనుక పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసిపెట్టుకోవాలి.

12 యూనిట్ల పొరపాటు

ఇది చిన్న కూడిక, కానీ ఎక్కువమందికి ఒక ఏడాది పోయేది ఇక్కడే. సెమిస్టర్‌కి 12 యూనిట్లు తీసుకుంటే ఫుల్‌టైమ్ విద్యార్థి కింద లెక్క. ఎయిడ్‌కీ (చదువుకిచ్చే ఆర్థిక సాయానికీ), ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకీ అది చాలు. కానీ యూనివర్సిటీ మూడో ఏట చేరాలంటే 60 యూనిట్లు ఉండాలి. 12 చొప్పున నాలుగు సెమిస్టర్లు చదివితే 48. ఇంకా 12 తక్కువ. సెమిస్టర్‌కి 15 తీసుకోవాలి, లేదా 12 తీసుకుని మిగిలింది వేసవిలో పూడ్చాలి. ఆ యూనిట్లు కూడా యూనివర్సిటీకి బదిలీ అయ్యేవే కావాలి. కాలేజీలో పాసైన ప్రతి యూనిట్ లెక్కకు రాదు.

ఎక్కువైనా చిక్కే. యూసీ మొదటి రెండేళ్ల స్థాయి క్లాసులకు 70 యూనిట్ల వరకే క్రెడిట్ లెక్కిస్తుంది. కమ్యూనిటీ కాలేజీలోనేమో 100 యూనిట్లు దాటినవాళ్లకి సాధారణంగా ముందుగా రిజిస్టర్ చేసుకునే హక్కు పోతుంది. అది పోతే మంచి క్లాసులు నిండిపోయాకే మీ వంతు వస్తుంది.

క్లాసుల గొలుసు

ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్లలో క్లాసులు గొలుసులా ఉంటాయి, ఒకటి పాసైతేనే ఇంకోటి. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ప్రీక్యాల్‌క్యులస్‌తో మొదలుపెట్టాడనుకోండి. మొదటి ఫాల్‌లో ప్రీక్యాల్‌క్యులస్, దాని తర్వాతి సెమిస్టర్ అయిన స్ప్రింగ్‌లో క్యాల్‌క్యులస్ 1, రెండో ఫాల్‌లో క్యాల్‌క్యులస్ 2, రెండో స్ప్రింగ్‌లో క్యాల్‌క్యులస్ 3. ఫిజిక్స్ మెకానిక్స్‌కి చాలా కాలేజీల్లో ముందు క్యాల్‌క్యులస్ 1 కావాలి, కాబట్టి అది రెండో ఫాల్‌లోనే మొదలవుతుంది. మూడు సెమిస్టర్ల ఫిజిక్స్ వరసలో రెండే అవుతాయి, మూడోది బయట ఉండిపోతుంది. లినియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఇంకా లెక్కలోకే రాలేదు. రెండేళ్లలో అయిపోతుందనుకున్నది మూడేళ్లవుతుంది. దీనికి మందు మొదటి ఫాల్‌కి ముందే ఉంది: కాలేజీలో చేరే ముందు వేసవిలో ప్రీక్యాల్‌క్యులస్ పూర్తిచేయడం, లేదా హైస్కూల్ మార్కులు సరిపోతే నేరుగా క్యాల్‌క్యులస్‌లో కూర్చోవడం.

ఈ రెండో మాటకి చట్టం తోడుంది. 2017 నాటి ఏబీ 705కి ముందు చేరేటప్పుడు ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టేవాళ్లు. అందులో తడబడినవాళ్లు యూనివర్సిటీకి లెక్కకు రాని క్లాసుల్లో రెండు మూడు సెమిస్టర్లు ఉండిపోయి, విసిగి మానేసేవాళ్లు. ఇప్పుడు హైస్కూల్ గ్రేడ్లనుబట్టి నేరుగా బదిలీ స్థాయి ఇంగ్లిష్, మ్యాథ్‌లో కూర్చోబెట్టాలి. మీ దగ్గర అమెరికా హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ లేకపోతే చదివిన స్థాయి మీరే రాసి ఇవ్వొచ్చు. కింది క్లాసు నుంచి మొదలుపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే, అది తప్పనిసరా, సలహానా అని ఒకసారి అడగండి.

జనరల్ ఎడ్యుకేషన్

మేజర్ క్లాసులు కాక అందరూ చదవాల్సినవి కొన్ని ఉంటాయి. 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరేవాళ్లకి యూసీ, సీఎస్‌యూ రెండింటికీ పనికొచ్చే ఒకే పట్టిక ఉంది, పేరు కాల్-జీఈటీసీ. 11 క్లాసులు, కనీసం 34 యూనిట్లు: ఇంగ్లిష్ వ్యాసరచన, క్రిటికల్ థింకింగ్, నోటిమాటగా ప్రసంగించడం, ఒక మ్యాథ్, కళలు ఒకటి, హ్యుమానిటీస్ ఒకటి, సామాజిక శాస్త్రాలు రెండు, భౌతిక శాస్త్రం ఒకటి, జీవశాస్త్రం ఒకటి, ఎత్నిక్ స్టడీస్ ఒకటి. రెండు సైన్సుల్లో ఒకదానికి ల్యాబ్ ఉండాలి. ప్రతి క్లాసులో సి లేదా అంతకన్నా పైగ్రేడ్ రావాలి.

ఇంజనీరింగ్ వైపు వెళ్లేవాళ్లు ఈ పట్టిక మొత్తం పూర్తిచేయాలని పట్టుబట్టకండి. అక్కడ అడ్మిషన్ తేల్చేవి మ్యాథ్, ఫిజిక్స్ క్లాసులు. కళల క్లాసు కోసం ఫిజిక్స్ వాయిదా వేస్తే సీటుకే ఎసరు. మిగిలినవి యూనివర్సిటీకి వెళ్లాక చదువుకోవచ్చు. అయితే యూసీ కనీసంగా అడిగే ఏడు క్లాసులు, అందులో రెండు ఇంగ్లిష్, ఒక మ్యాథ్, ఎవరికైనా తప్పవు.

సీఎస్‌యూకి వెళ్లేవాళ్లు 2010లో చట్టమైన అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ గురించి కౌన్సెలర్‌ని అడగాలి. 60 యూనిట్లతో ఆ డిగ్రీ పూర్తయితే సీఎస్‌యూలో ఏదో ఒక క్యాంపస్‌లో చోటు ఖాయం, అదే కోవ మేజర్‌లో ఇంకో 60 యూనిట్లలో పట్టా అయిపోతుంది. కోరుకున్న క్యాంపస్‌లోనే ఇస్తామని మాత్రం ఆ హామీలో లేదు.

తేదీలు

యూనివర్సిటీకి దరఖాస్తు చేరే ఏడాదికి ముందు ఏడే పెట్టాలి. యూసీ దరఖాస్తులు అక్టోబర్ 1న మొదలై, నవంబర్ చివరికో డిసెంబర్ మొదటి రోజుల్లోనో ముగుస్తాయి. రెండేళ్లలో మారాలనుకునే విద్యార్థి మూడో సెమిస్టర్ మధ్యలో ఉండగా పంపుతాడు. అప్పటికి చేతిలో ఉన్న గ్రేడ్లు మొదటి ఏడాదివి, వేసవివి మాత్రమే. మొదటి సెమిస్టర్ అలవాటుపడటానికే సరిపోయిందని వదిలేస్తే, దరఖాస్తులో కనిపించే మార్కుల్లో సగం అదే అవుతుంది. ఫాల్ గ్రేడ్లు వచ్చాక జనవరిలో అకడమిక్ అప్‌డేట్ ఫారం నింపడం మరవకూడదు. అది నింపక దరఖాస్తు పాడుచేసుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

యూసీలో ఆరు క్యాంపస్‌లు ముందుగానే హామీ ఇస్తాయి: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్. దీన్ని ట్యాగ్ అంటారు. సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు, ఒక్క క్యాంపస్‌కే పెట్టాలి. అప్పటికి 30 బదిలీ యూనిట్లు పూర్తయి ఉండాలి. సెమిస్టర్‌కి 12 చొప్పున చదివితే వేసవి లేకుండా ఇది అందదు, మళ్లీ అదే కూడిక. కొన్ని క్యాంపస్‌లు కొన్ని మేజర్లకి ట్యాగ్ ఇవ్వవు, కావలసిన జీపీఏ (గ్రేడ్ల సగటు) కూడా మేజర్‌నిబట్టి మారుతుంది. ట్యాగ్ పెట్టినా నవంబర్‌లో మామూలు దరఖాస్తు విడిగా పెట్టాల్సిందే. లేకపోతే హామీ చెల్లదు. అలాగే ఫాల్‌లో చేరేవాళ్ల 60 యూనిట్లు, ఇంగ్లిష్, మ్యాథ్ అంతకుముందు స్ప్రింగ్‌తోనే అయిపోవాలి. చివరి వేసవికి ఏదీ వదలొద్దు.

ఫీజు, రెసిడెన్సీ, వీసా

కాలిఫోర్నియా రెసిడెంట్ అయితే 60 యూనిట్లకు 2,760 డాలర్లు. పుస్తకాలు, హెల్త్ ఫీజు, పార్కింగ్ వేరు. ఆదాయం తక్కువైతే కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ ఈ యూనిట్ ఫీజును మాఫీ చేస్తుంది. క్లాసుల జాబితాలో పుస్తకం ఖర్చు లేని క్లాసులకు గుర్తు ఉంటుంది, రిజిస్టర్ చేసుకునేటప్పుడు దాన్నిబట్టి వెతికితే సెమిస్టర్‌కి చెప్పుకోదగినంత మిగులుతుంది.

రెసిడెంట్ కాకపోతే యూనిట్ రేటు ఎన్నో రెట్లు ఎక్కువ. సెమిస్టర్ మొదలయ్యే ముందురోజుకి రాష్ట్రంలో ఏడాదికి పైగా ఉండి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని కాగితాలతో చూపాలి: రాష్ట్ర పన్ను రిటర్న్, డ్రైవర్ లైసెన్స్ లాంటివి. హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్లు ఈ షరతులు తీరిస్తే రెసిడెంట్లుగా లెక్కకొస్తారు. ఎఫ్-1, బి వీసాలవాళ్లు రారు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకి 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. చదువు మధ్యలో ఆ పుట్టినరోజు వస్తుందేమో మొదటి సెమిస్టర్‌లోనే లెక్కవేసి, లాయర్‌తోనూ అడ్మిషన్స్ ఆఫీసుతోనూ ముందే మాట్లాడండి. ఎఫ్-1 విద్యార్థులు కాలేజీ అంతర్జాతీయ ఆఫీసుని అడగకుండా ఒక్క క్లాసు కూడా వదలకూడదు. 12 యూనిట్ల లెక్కలో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే చెల్లుతుంది.

ఎక్కడ దెబ్బతింటారు

క్లాసుకి వెళ్లడం మానేస్తే పేరు దానంతట అదే తీసేస్తారనుకోవడం పెద్ద పొరపాటు. మొదటిరోజు రాకపోతే తీసేసి వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చు. తర్వాత మానేస్తే ఎఫ్ పడొచ్చు. 16 వారాల సెమిస్టర్‌లో సుమారు మూడో వారం లోపల వదిలితే రికార్డులో ఏమీ ఉండదు. ఫీజు వాపసు గడువు అంతకన్నా ముందే ముగుస్తుంది. ఆ తర్వాత సుమారు పన్నెండో వారం వరకూ వదిలితే డబ్ల్యూ (క్లాసు వదిలేశారన్న గుర్తు) పడుతుంది. అదీ దాటితే ఏదో ఒక గ్రేడ్ తప్పదు. ఈ తేదీలు క్లాసు క్లాసుకీ వేరు, రిజిస్ట్రేషన్ పేజీలో చూసి క్యాలెండర్‌లో పెట్టుకోండి.

డబ్ల్యూ అంటే భయపడి సి తెచ్చుకునేవాళ్లున్నారు. డి, ఎఫ్ వస్తే మళ్లీ చదివి మార్చుకోవచ్చు. సి వస్తే, పాసయినట్టే కనుక, గ్రేడ్ పెంచుకోవడానికి మళ్లీ చదవనివ్వరు. పోటీ ఎక్కువున్న మేజర్‌కి ముఖ్యమైన క్లాసు చేజారుతుంటే, ఒక్క డబ్ల్యూతో వదిలి మళ్లీ బాగా చదవడమే మేలు. అలాంటివి మూడు నాలుగు పోగైతే మాత్రం ఎయిడ్‌కి ఎసరు వస్తుంది.

హైస్కూల్లో ఉండగానే ఇక్కడ క్లాసులు తీసుకునే పిల్లలు ఇప్పుడు చాలామంది. పార్ట్‌టైమ్‌గా 11 యూనిట్ల వరకూ సాధారణంగా యూనిట్ ఫీజు ఉండదు కనుక అందరూ తొందరపడతారు. ఆ గ్రేడ్లు మాత్రం జీవితాంతం కాలేజీ రికార్డులో ఉంటాయి. పదిహేనేళ్లప్పుడు సరదాగా తీసుకున్న క్లాసులో వచ్చిన డి మెడికల్ స్కూల్ దరఖాస్తులోనూ కనబడుతుంది. పిల్లలు నిజంగా సిద్ధంగా ఉన్న ఒక్క క్లాసుతో మొదలుపెట్టించండి.

చివరగా కౌన్సెలర్ సంగతి. చేరగానే ఓరియెంటేషన్ పూర్తిచేసి, మొదటి సెమిస్టర్‌లోనే అన్ని సెమిస్టర్ల ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకోండి. ముందు రిజిస్ట్రేషన్ హక్కు వీటితో ముడిపడి ఉంది. ఆగస్టులో, నవంబర్‌లో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం, సెప్టెంబర్ చివర్లోనో ఫిబ్రవరిలోనో వెళ్లండి. ఉత్తచేతుల్తో వెళ్లి "ఏం తీసుకోవాలి?" అని అడిగితే అరగంట పరిచయానికే సరిపోతుంది. అసిస్ట్ పేజీలు, మీరే వేసుకున్న సెమిస్టర్ల పట్టిక తీసుకెళ్లి "ఇందులో ఎక్కడ తప్పుంది?" అని అడగండి.

అదే ఆవరణలో అమ్మకో నాన్నకో పనికొచ్చేవి కూడా ఉన్నాయి. నాన్‌క్రెడిట్ (యూనిట్లు రాని) ఇంగ్లిష్ క్లాసులకు యూనిట్ ఫీజు లేదు, ప్రవేశపరీక్ష లేదు, గ్రేడ్ల భయం లేదు. పిల్లల రిజిస్ట్రేషన్ కోసం వెళ్లినరోజే ఆ జాబితా కూడా అడిగి తెచ్చుకోండి.